భయపడేవాళ్ళని మార్చేస్తే ఎట్ల?

సంపాదకుల వారికి నమస్కారం,

పోయిన వారం మీ సినిమా పేజీలో వేసిన వ్యాసం చదివినా. ప్రేక్షకుడు మారిపోయినాడు, కొత్త కథ అంటే టికెట్ తెగదు, పేరు తెలిసిన సినిమాకి పార్ట్ టూ అంటేనే జనం కదులుతారు, హారర్ లో అయితే మరీను, అని రాసినారు. తప్పంతా తెచ్చి మా నెత్తిన వేసినట్టు అనిపించింది అందుకే ఈ ఉత్తరం. నేను కర్నూల్లో బళ్లారి చౌరస్తా దగ్గర జాకెట్లు కుడతాను. సినిమా గురించి రాయడానికి నీకేం అర్హత ఉందమ్మా అంటే ఒకటే ఉంది, దెయ్యం సినిమా ఏదొచ్చినా వదలను. మా ఆయన మాత్రం రాడు, పైకి "అదంతా వేస్ట్" అంటాడు గానీ అసలు సంగతి ఆయనకి భయం, ఆ మాట నాకు తెలుసు మా పక్కింటోళ్ళకి తెలుసు, ఇప్పుడు మీకూ తెలిసింది.

నేను చూసిన మొదటి దెయ్యం సినిమా రామ్ గోపాల్ వర్మ రాత్రి, 1992లో. అప్పుడు మేము కోడుమూరులో ఉండేవాళ్ళం, కర్నూలుకి మా చిన్నాయన తీసుకొచ్చి చూపించినాడు, ఏం సినిమా అని తెలియకుండానే కూర్చున్నా. రేవతి మొహం మామూలుగా ఉండి ఉండి ఒక్కసారిగా మారిపోతుంటే నేను చిన్నాయన చొక్కా పట్టుకున్న పట్టు ఇంటికి వచ్చేవరకు వదల్లేదు. ఆ రాత్రి మా జేజి, అంటే మా అవ్వ, పక్కన పడుకోని కథంతా చెప్పినా, పిల్లి అన్నా, ఆ ఇల్లు అన్నా, మంత్రగాడు అన్నా. అంతా విని మా జేజి అడిగింది ఒకటే, "ఇంతకీ ఆ పిల్లకి బాగయిందా ల్యాదా?" దెయ్యం ఎట్ల ఉండాది అని అడగలేదు, ఎంత పెద్దది అని అడగలేదు. అప్పుడు నాకు ఆ మాట ఏమీ అనిపించలేదు, ఈమధ్యనే పార్ట్ టూలు వరసగా చూసి చూసి బయటికి వస్తుంటే గుర్తొస్తాంది.

అప్పట్లోనే మా ఊర్లో ప్రతి తలుపు మీదా "ఓ స్త్రీ రేపు రా" అని రాసుండేది, మీలో వయసు ఉన్నోళ్ళకి గుర్తుంటుంది. కర్ణాటక వైపు కూడా "నాళె బా" అని రాసుకున్నారంట. రాత్రి పూట మనకి తెలిసినోళ్ళ గొంతుతో పిలుస్తుంది, పలికితే అంతే, అందుకని తలుపు మీద రాస్తే అది వచ్చి చదువుకోని సరే రేపు వద్దాంలే అని వెళ్ళిపోతుంది, రేపు వచ్చినా అదే రాసుంటుంది కదా. మా జేజి చదువుకోలేదు, ఆమెకి అక్షరాలు రావు, అయినా సుద్దముక్క నా చేతికిచ్చి రాయించేది, వాన పడి చెరిగిపోతే మళ్ళీ రాయించేది. దెయ్యానికి చదువొచ్చు మా జేజికి రాదు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆలోచిస్తే పార్ట్ టూ అనేది కనిపెట్టింది నిర్మాతలు గాదు, తలుపు మీద రాసుకున్న మేమే. కానీ ఒక్కటి, దెయ్యం రోజూ వచ్చేది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఊరంతా మాట్లాడుకున్నది తలుపు లోపల ఉన్నోళ్ళ గురించే. ఫలానా ఆమె పలికిందంట, ఫలానా ఇంట్లో రాయడం మర్చిపోయినారంట, ఇదే కథ.

నేను చెప్పాలనుకున్నదీ అదే. దెయ్యం సినిమాలో మనం పట్టుకునేది దెయ్యాన్ని గాదు, భయపడే మనిషిని. పార్ట్ టూ తీసేవాళ్ళు ఆ మనిషిని పక్కన పెట్టేసి దెయ్యాన్ని మాత్రం తెచ్చుకుంటున్నారు, ఈసారి ఇంకా పెద్దది, ఇంకా గ్రాఫిక్స్ అని. తర్వాత ఆడకపోతే ప్రేక్షకుల అభిరుచి మారింది అంటున్నారు.

చంద్రముఖి సంగతి చూడండి. మలయాళంలో 1993లో ఫాజిల్ తీసిన కథ అది, 2004లో కన్నడలో ఆప్తమిత్ర అయింది, 2005లో పి.వాసు రజనీకాంత్ తో చంద్రముఖి తీసినాడు, మనకి డబ్బింగ్ వచ్చింది. ఆ సినిమా ఎందుకు అట్ల ఆడింది? లకలకలక అన్నందుకా? ఆ కథలో దెయ్యమే లేదు కదండీ! గంగ అనే పిల్ల మనసు చెడి తనే చంద్రముఖి అనుకుంటుంది, మొగుడు భయపడతాడు, డాక్టరు బయటపడేస్తాడు. చివర్లో గంగ మామూలు మనిషి అయినప్పుడు హాల్లో ఆడోళ్ళందరూ ఊపిరి వదిలినారు, మా జేజి ఉండుంటే ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు దొరికేది. తర్వాత 2010లో అదే వాసు గారు వెంకటేష్ తో నాగవల్లి తీసినాడు. గంగ లేదు, ఆ ఇల్లు లేదు, ఇంకో కుటుంబం, అనుష్క వచ్చింది, రాజు వచ్చినాడు, పటం వచ్చింది. అనుష్క అంటే మాకు ప్రాణం, అయినా ఆ ఇంట్లో ఎవరికి ఏమైతే నాకేంది అనిపించింది. 2023లో చంద్రముఖి 2 వచ్చింది, లారెన్స్, కంగనా రనౌత్. అందులో అయితే నిజంగానే ఆత్మ వచ్చేసింది. మొదటి సినిమా మొత్తం "దెయ్యం లేదమ్మా" అని చెప్పడానికి తీసింది, రెండో దానికి దెయ్యం కావాల్సి వచ్చింది ఎందుకంటే టైటిల్ లో ఉన్న పేరు దానిదే కాబట్టి. ఎవరి కొలత జాకెట్టో ఇచ్చి ఇంకెవరికో కుట్టమంటారు చూడండి మా దగ్గర, "ఇద్దరూ ఒకే సైజులే అక్కా" అని, అట్ల ఉంటుంది. కుట్టి ఇస్తాం, భుజం దగ్గర పట్టేస్తుంది, మళ్ళీ మమ్మల్నే అంటారు.

ఓదెల కూడా ఇంతే. 2022లో ఫోన్లో చూసినాం ఓదెల రైల్వే స్టేషన్, అది నేరం కథ, మనిషే రాక్షసుడు, అందుకే వెన్నులో చలి పుట్టింది. 2025లో ఓదెల 2 అని థియేటర్లకి వచ్చేసరికి ఆ మనిషి ప్రేతాత్మ అయిపోయినాడు, తమన్నా సాధ్వి అయింది. మనిషిగా ఉన్నప్పుడే ఎక్కువ భయపెట్టినాడు నాయనా వాడు.

ఇప్పుడు రెండో వైపు. రాఘవ లారెన్స్ ముని 2007, కాంచన 2011, గంగ 2015, కాంచన 3 2019. పన్నెండేళ్ళు నడిచింది. విమర్శకులు వీటిని తిట్టినంత ఎవరినీ తిట్టలేదు, చివరి దానికి వచ్చేసరికి నాకూ తల నొప్పి పుట్టింది అది వేరే సంగతి, కానీ ఎందుకు నడిచింది అంటే దెయ్యం ప్రతిసారీ మారింది, ఆ పిరికోడు మారలేదు. అంత పొడుగు మనిషి, ఫైట్లు చేస్తాడు, చీకటి పడితే మాత్రం అమ్మ తోడు లేకుండా బాత్రూముకి పోడు. కోవై సరళ తిడుతూనే లేచి పోతుంది తోడుగా. హాల్లో నవ్వుతాం గానీ ఏ ఇంట్లో లేడండీ అట్లాంటోడు, మా ఇంట్లోనే ఉన్నాడని పైన చెప్పినా కదా. కాంచనలో శరత్ కుమార్ ఫ్లాష్ బ్యాక్ వచ్చినప్పుడు నా పక్క సీట్లో ఒక పెద్దామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటాంది, అంతకు ముందు పది నిమిషాలే పడిపడి నవ్వింది. మన దెయ్యాలకి కూడా ఒక భూమి తగాదా ఉంటుంది ఎప్పుడూ, ఎమ్మెల్యే స్థలం ఆక్రమించుకోవడం, చంపి పూడ్చడం, చూస్తుంటే దెయ్యాల సినిమా చూస్తున్నామా రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చున్నామా అనిపిస్తుంది. కానీ అది మాకు తెలిసిన భయమే కాబట్టి పట్టింది.

హిందీలో స్త్రీ 2 చూసినారు కదా, 2024 ఆగస్టు 15న వచ్చింది. 2018లో వచ్చిన స్త్రీలో ఆ చందేరి ఊరి గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అనే రాసుంటుంది హిందీలో, మా పిల్లోడు అది చూపించి "అమ్మా నువ్వు చెప్పేది ఇదే కదా" అన్నాడు, మా తలుపులు బొంబాయి చుట్టి వచ్చినట్టు అయింది. ఇంకా చెప్పాలంటే అందులో హీరో లేడీస్ టైలర్! కంటితో చూసి కొలత చెప్పేస్తాడు. అది మాత్రం అబద్ధం, నేను ముప్పై ఏండ్ల నుంచి కుడుతున్నా, చూపుతో చంక దగ్గర కొలత ఎవరికీ రాదు. సరే ఆ సంగతి వదిలేయండి. రెండో భాగంలో వాళ్ళు ఏం చేసినారంటే దెయ్యాన్ని మార్చినారు, తల లేనోడు వచ్చినాడు, కానీ ఆ టైలరు, వాడి స్నేహితులు, ఆ పుస్తకాలాయన అందరూ అట్లనే ఉన్నారు, అదే పిరికితనం, అదే కొట్లాట. జనం పోయింది మళ్ళీ వాళ్ళని చూడటానికి. ఇంగ్లీషు కంజూరింగ్ కూడా అంతే, 2013 నుంచి 2025లో వచ్చిన లాస్ట్ రైట్స్ దాకా ప్రతి సినిమాకీ ఇల్లు మారుతుంది, దెయ్యం మారుతుంది, ఆ మొగుడూ పెళ్ళాలు మాత్రం మారరు. ఆమెకి ఏదో కనబడుతుంది, ఆయన ఆమె చేయి పట్టుకుంటాడు, నాకు అందులో దెయ్యం కంటే ఆ చేయి పట్టుకోవడమే గుర్తుంటుంది.

ఇంకో ముచ్చట. పార్ట్ టూ అంటేనే జనం వస్తారు అనేది కొత్తగా పుట్టిన మాట, పదేళ్ళ కింద తెలుగులో అది దాచిపెట్టేవాళ్ళు. తమిళంలో సుందర్ సి తీసిన అరణ్మనై మనకి 2014లో చంద్రకళ అని వచ్చింది, దాని రెండో భాగం 2016లో కళావతి అని వచ్చింది, 2024లో నాలుగోది బాక్ అని వచ్చింది. తమిళంలో కాంచన 2 అన్నది మనకి గంగ. నేను ఇవన్నీ కొత్త సినిమాలు అనుకోనే పోయినా, ఒక్కసారి కూడా ఇది రెండోదా మూడోదా అని మాకు డౌట్ రాలేదు, ఎవరూ అడగలేదు, కథ కథగా అర్థమైంది. ఇప్పుడు అంకె పెద్దగా వేస్తున్నారు పేరు కంటే. రాజు గారి గది మూడు వచ్చినాయి 2015, 2017, 2019లో, మొదటి దానికీ మూడో దానికీ ఏం చుట్టరికమో నాకు తెలియదు. ప్రేమకథా చిత్రమ్ కి 2019లో వచ్చిన రెండోదాంట్లో మనుషులే వేరు. అంటే అంకె వేసింది కథ కోసం గాదు, పోస్టర్ కోసం. ఇట్లాంటివి పోయిన తర్వాత "ప్రేక్షకుడికి సీక్వెల్స్ మీద మోజు తగ్గింది" అని కూడా మీరే రాస్తారు, ఒక వారం మోజు ఉంది అంటారు ఇంకో వారం లేదంటారు.

అట్లని ఏమీ మారలేదు అంటే నేనే అబద్ధం చెప్పినట్టు. మారింది. ఈమధ్య మా పిల్లోడు, వాడి కాలేజీ ఫ్రెండ్స్ ముగ్గురుతో ఒక పార్ట్ టూ సినిమాకి పోయినా, పేరెందుకు గానీ. ఆ పిల్లోళ్ళు భయపెట్టే సీన్ రాకముందే వేళ్ళు పైకెత్తి త్రీ, టూ, వన్ అని లెక్కపెడతారు, వన్ అనంగానే దెయ్యం వస్తుంది, చప్పట్లు. మ్యూజిక్ ఆగిపోతే వస్తుందంట, కెమెరా ఒక పక్కకి ఖాళీ వదిలితే ఆ ఖాళీలో వస్తుందంట, వాళ్ళకి అన్నీ తెలుసు. ఫోన్లో అన్ని దేశాల దెయ్యాలు చూసేసినారు. నాకు మొదట కోపమొచ్చింది, తర్వాత అనుకున్నా వాళ్ళ తప్పేముంది, లెక్కపెట్టడానికి వీలుగా తీసినోడిదే తప్పు. మంత్రించిన కొబ్బరికాయ ఎక్కడ పగులుతుందో ముందే తెలిస్తే ఎవరు భయపడతారు.

ఇంటర్వెల్ లో ఆ పిల్లోడొకడు నాకు చెప్తున్నాడు, ఆంటీ ఆ తాయెత్తు చూసినారా అది ఫస్ట్ పార్ట్ లో తొమ్మిదో నిమిషంలో ఉంటుంది, ఆ ఫోటోలో ఉన్నాయన అందులో వాచ్ మెన్, అని. నేను ఫస్ట్ పార్ట్ చూడలేదు, ఇంక నాకు సినిమా అంతా పరీక్ష రాసినట్టే అయింది. అయిపోయింది అని లేస్తే కూర్చోండి ఆంటీ ఇంకా ఉంది అన్నాడు, పేర్లన్నీ పడిన తర్వాత అరనిమిషం ముక్క, పూడ్చిన చోట చేయి పైకి లేచింది, పార్ట్ త్రీ అని పడింది. హాలు తుడిచే ఆమె చీపురు పట్టుకోని మెట్ల దగ్గర నిలబడింది పాపం, మేము ఎప్పుడు లేస్తామా అని. ఒకప్పుడు శుభం అని పడితే లేచేవాళ్ళం. ఇప్పుడు ఏ సినిమా అయిపోవడం లేదు. మా జేజి మళ్ళీ లేచి వచ్చి "ఆ పిల్లకి బాగయిందా" అని అడిగితే "పార్ట్ త్రీ లో తెలుస్తుంది జేజీ" అని చెప్పాలి.

ఇట్ల సగంలో ఆపినవి అన్నీ చెడ్డవే అని గాదు. మా ఊరి పొలిమేర 2021లో ఓటీటీలో వచ్చింది, పెద్ద హీరో లేడు, సత్యం రాజేష్, చేతబడి, పల్లెటూరు. చివర్లో వచ్చే మలుపు చూసి నేను మా ఆయన్ని లేపి మరీ చెప్పినా. దానికి 2023 నవంబర్ లో రెండో భాగం నేరుగా థియేటర్ కి వచ్చింది, పోయినాము, ఎందుకంటే వాళ్ళు మిగిల్చిన ప్రశ్న నిజంగా మిగిలిన ప్రశ్న, అంకె కోసం మిగిల్చింది గాదు, అదే మనుషులు మళ్ళీ వచ్చినారు. ఇంట్లో ఫోన్లో చూసిన సినిమా రెండో భాగానికి హాలుకి పోయి క్యూలో నిలబడటం, ఇది నిజంగా కొత్త సంగతి, ప్రేక్షకుడు మారినాడు అంటే దాన్ని చూపించి చెప్పండి ఒప్పుకుంటా. 2022లో మసూద, 2023లో విరూపాక్ష, వీటి పేరు పక్కన ఏ అంకె లేదు, ఎవరూ దేనికీ రెండో భాగం అని చెప్పలేదు, అయినా పోయినాం. మసూదలో సంగీత తన కూతురి కోసం పడే పాట్లు చూసి నేను ఆ రాత్రి నిద్రపోలేదు, దెయ్యం వల్ల గాదు. కొత్త కథకి టికెట్ తెగదు అంటే ఎట్ల మరి?

ఇక అరుంధతి. మా కర్నూలోళ్ళకి అది సొంత సినిమా లెక్క. కథ గద్వాల సంస్థానం, అది మాకు నది దాటితే వస్తుంది, కోట బనగానపల్లె నవాబు బంగ్లా, పైగా జేజమ్మ అనే మాట. బయటోళ్ళకి ఆ మాట కొత్తగా గొప్పగా అనిపించింది గానీ మాకు ఇంట్లో రోజూ పిలిచే పిలుపు. 2009 జనవరిలో వచ్చింది, నాలుగు సార్లు చూసినా. ఆ ఏడాదే అక్టోబర్ లో తుంగభద్ర పొంగి వరద వచ్చి సగం కర్నూలు మునిగింది కదా, నా రెండు మిషన్లు పోయినాయి, కస్టమర్ల బట్టలు పోయినాయి, ఆ నెలంతా వీధిలో బురద ఎత్తుకుంటా ఆడోళ్ళం ఒకరినొకరం జేజమ్మా అని పిలుచుకున్నాం, ఎందుకో తెలియదు, నవ్వుకోవడానికి. మొన్న యాగంటికి పోతా మళ్ళీ ఆ బంగ్లా దగ్గర ఆగినాం. ఇప్పుడది నంద్యాల జిల్లాలోకి పోయింది. ఎవర్ని అడిగినా అరుంధతి కోట అనే దారి చెప్తారు, నవాబు పేరు ఎవరికీ గుర్తు లేదు. పదేళ్ళ పిల్లోళ్ళు, ఆ సినిమా వచ్చినప్పుడు పుట్టి కూడా ఉండరు, గోడల దగ్గర నిలబడి "వదల బొమ్మాళీ" అని అరుస్తున్నారు, రీల్స్ తీసుకుంటున్నారు. పదహారేళ్ళు దాటినా ఆ సినిమాకి రెండో భాగం రాలేదు. రానందుకు నేను సంతోషపడుతున్నా, వస్తే మొదటి రోజే పోతా అది కూడా నిజమే. వస్తే మాత్రం పశుపతిని లేపడం గురించి తర్వాత ఆలోచించుకోండి, ముందు ఆ ఇంట్లో ఆడపిల్ల ఎవరు, ఆమెకి ఏమంటే భయం, అది తేల్చుకోండి.

చివరగా మీ పేపర్ కి ఒక రిక్వెస్ట్. శుక్రవారం రివ్యూలో మూడు స్టార్లా రెండున్నరా అని వేస్తున్నారు బాగానే ఉంది, దాని పక్కన ఇంకొక్క లైను వేయండి, ఫస్ట్ పార్ట్ చూడకపోయినా ఈ సినిమా అర్థమవుతుందా లేదా, కథ ఇందులోనే పూర్తవుతుందా లేక సగమేనా. మేము నలుగురం పోతే టికెట్లు, పాప్ కార్న్, ఆటో కలిపి వెయ్యి దాటుతుంది, సగం కథకి అంత పెట్టాలా వద్దా అనేది ముందే తెలిస్తే ఇంట్లో కూర్చొని మొదటిది చూసుకోని పోతాం, లేదంటే మానుకుంటాం. పేర్లన్నీ పడిన తర్వాత ముక్క ఉందా లేదా అనేది కూడా వేస్తే ఆ చీపురామెకి కూడా మేలు.

పెళ్ళిళ్ళ సీజన్, ఇరవై రెండు జాకెట్లు పెండింగ్ ఉన్నాయి, ఉంటాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బళ్లారి చౌరస్తా, కర్నూలు.